మూడో రకం అంగన్‌వాడి

ఉత్తర చెన్నై తెలుగు పప్పుధాన్యాల టోకు వర్తకుల ధర్మసంఘం వారు ఈ సంవత్సరం గ్రామీణ శిశువిద్యను ఉద్ధరించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈ సంగతి గ్రామీణ శిశువులకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

సంఘానికి ఉద్ధరణ కొత్త కాదు. పోయిన ఏడు దాహంతో ఉన్నవారిని ఉద్ధరించింది. ముఖ్య అతిథికి కార్తీకమాసం దాకా తీరిక దొరకలేదు గనుక, చలివేంద్రాన్ని మోకాటిలోతు వాననీటిలో ప్రారంభించి, గొడుగులు పట్టుకుని పోతున్న బాటసారులను ఆపి మరీ మజ్జిగ తాగించారు. అంతకుముందు ఏడు చెట్లను ఉద్ధరించింది. అప్పుడు నాటిన మొక్కలు ఇప్పుడు లేవు గాని, వాటి పక్కన సభ్యుల పేర్లు చెక్కించి నాటిన రాతిపలకలు మాత్రం చెక్కుచెదరకుండా నిలిచాయి.

ఈ సంఘానికి అధ్యక్షుడు రంగనాథం. ఇల్లు చూలైలో, కొట్టు సౌకార్‌పేటలో. పూర్వీకులు నెల్లూరు సీమనుంచి ఏ రాజు కాలంలో వచ్చారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వచ్చిన దగ్గరనుంచీ కందిపప్పే అమ్ముతున్నారని మాత్రం అందరికీ తెలుసు. రంగనాథం పిడికెడు పప్పు అరచేతిలో పోసుకుని, ఒక్కసారి ఉఫ్‌మని ఊది, మొదటి రకమో రెండో రకమో మూడో రకమో చెప్పేస్తాడు. ఆ మాటకు బజారులో తిరుగులేదు. చెప్పగా చెప్పగా ఆయనకు లోకమంతా మూడు రకాలుగానే కనిపించసాగింది. డాక్టర్లు, పెళ్ళిసంబంధాలు, గుళ్ళో ప్రసాదాలు, అన్నిటికీ రకం కట్టేవాడు. ఒకసారి భార్య కమలాంబ పెట్టిన చారును రెండో రకం అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆయనకు ఏ రకం చారూ దొరకలేదు. అప్పటినుంచి ఇంట్లో ఆ విద్య ప్రదర్శించడం మానుకున్నాడు.

శిశువిద్యమీద ఆయన దృష్టి పడటానికి కారణం మనవరాలు జనని. కొడుకు గిరి, కోడలు హేమమాలిని ఆ పిల్లను నగరంలో పేరుమోసిన బడుల్లో చేర్చడానికి వెంటబెట్టుకుని తిరిగారు. పాలపళ్ళు పూర్తిగా రాని పిల్లను ప్రతి బడిలోనూ బల్లకు అవతల కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశారు. ఒక బడిలో ఆవు బొమ్మ చూపించి, ఇది ఏమంటుందో చెప్పమన్నారు. చూలై వీధుల్లో జనని చూసిన ఆవులు గోడమీది సినిమా పోస్టర్లు నముల్తాయే తప్ప ఏమీ అనవు. అందుచేత జనని కూడా ఏమీ అనలేదు. మర్నాడు ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ పాప ఇంకా సిద్ధంగా లేదు.’

ఆ పూట రంగనాథానికి అన్నం దిగలేదు. రకం కట్టడం ఆయనకు అలవాటే. తన ఇంటి గింజను ఇంకొకరు ఊది పక్కన పెట్టడం మాత్రం కొత్త.

పిల్లలకు రకం కట్టే బడులకు తాను రకం కట్టి చూపిస్తానని ఆయన శపథం చేశాడు. అయితే ఆ పేరుమోసిన బడులు సంఘంవారిని గేటు దాటనివ్వవు. కాబట్టి గేట్లు లేని బడులను ఎంచుకోవలసివచ్చింది. మాధవరం దాటి పొలాలవైపు పోతే సిరుకావూరు యూనియన్, అంటే మండలం లాంటిది, వస్తుంది. అక్కడి ఊళ్ళలో ప్రభుత్వ అంగన్‌వాడీలు ఉన్నాయి. వాటిని పోల్చి, అన్నిటికన్నా మేలైనదానికి షీల్డు ఇస్తామని సంఘం అర్జీ పెట్టుకుంది. వాటిమీది అధికారిణి జయంతి వెంటనే అనుమతి ఇచ్చింది. ఎవరు వచ్చి ఏం చేస్తామన్నా సరే అనడం, వాళ్ళు చేసినదాన్ని తమ వార్షిక నివేదికలో రాసుకోవడం ఆ కార్యాలయంలో చిరకాలంగా వస్తున్న సత్సంప్రదాయం.

పోలిక సంఘంలో ముగ్గురు సభ్యులు. రంగనాథం, ఆయన బాల్యమిత్రుడు ఆడిటర్ వరదరాజులు, విద్యాప్రమాణాల సలహాదారు దీపక్. దీపక్ కుర్రవాడే గాని గొప్ప అనుభవశాలి. అంతకుముందు హోటళ్ళకు నక్షత్రాలు ఇచ్చిన సంస్థలో పనిచేశాడు. బడికీ హోటలుకూ పెద్ద తేడా లేదని, రెండుచోట్లా వచ్చినవారిని చక్కగా ఆహ్వానించడమే ముఖ్యమని ఆయన కనిపెట్టాడు.

మొత్తం నూరు మార్కులు. ప్రహరీగోడకు కొన్ని, గోడలమీద రంగులకు కొన్ని, పేరుబోర్డుకు, నిశ్శబ్దానికి, అతిథిమర్యాదకు, కారు ఆపుకునే స్థలానికి కొన్ని. అన్నీ పంచగా చివర్లో కొద్దిగా మిగిలాయి. వాటిని ‘పిల్లలు’ అనే అంశానికి ఇచ్చారు.

“పిల్లకాయలకి ఇంతేనా పా? మరీ తక్కువగా లేదా?” అన్నాడు వరదరాజులు. లెక్క తేలితే చాలుననుకునే మనిషి గనుక, ఆయన గొంతులో నిరసన లేదు.

“పిల్లలు ఏడాదికొకసారి మారిపోతారు సార్,” అన్నాడు దీపక్. “బిల్డింగే దా పర్మనెంట్.”

ఆ మాటతో సందేహం తీరిపోయింది.

మొదట మేలపట్టు వెళ్ళారు. కొత్త కట్టడం, కొత్త గేటు, గోడలమీద ఏనుగులు, జిరాఫీలు, ఇంకా ఎండని రంగు. టీచరు పూలదండలతో ఎదురొచ్చింది. లోపల చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. పిల్లలు ఎక్కడని రంగనాథం అడిగాడు. లోపలికి వస్తే జిరాఫీలమీద చేతులు పెడతారని, తమరు వచ్చిపోయేదాకా ఇళ్ళకాడే ఉండమన్నామని టీచరు వినయంగా చెప్పింది. ఇంత ముందుచూపు తాను నక్షత్రాల హోటళ్ళలో కూడా చూడలేదని దీపక్ నిశ్శబ్దం గడిలో నిండా మార్కులు వేశాడు.

తర్వాత నడుపట్టు. అక్కడ తాళం వేసి ఉంది. టీచరును ఊళ్ళో మేకలు లెక్కపెట్టే పనిమీద పంపారు. మేకలైపోతే దోమలట. తాళం వేసిన తలుపుముందు కారు ఆపుకోవడానికి మాత్రం విశాలమైన స్థలం ఉంది. ఆ అంశంలో నడుపట్టును మించినది లేదు.

చివర కీళపట్టు. అది రేషన్ దుకాణం పక్కన ఒకే ఒక్క గది. రంగు ఏనాడో వెలిసిపోయింది. వీధి మొదట్లోనే గోల వినిపించింది. గడపదగ్గర చింపిరిజుట్టు పిల్ల ఒకతె రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. పేరు భరణి. ఆ ఊళ్ళో తరతరాలుగా సేద్యం చేసుకునే తెలుగువాళ్ళ బిడ్డ.

“తాతా, చెప్పులు ఆడ ఇడువు. కాళ్ళు కడుక్కోని రా,” అంది.

“నేను ప్రెసిడెంటుని పాపా.”

భరణి కాసేపు ఆలోచించింది. “అయినా కడుక్కో,” అంది.

రంగనాథం కాళ్ళు కడుక్కున్నాడు. వరదరాజులు కూడా కడుక్కున్నాడు. దీపక్ బూట్ల తాళ్ళు విప్పడం ఇష్టంలేక గడప బయటే నిలబడి మార్కులు వేయసాగాడు. లోపల టీచరు జెబ నేలమీద కూర్చుని, ఒడిలో ఒక పిల్లవాణ్ణి పెట్టుకుని, మిగతావాళ్ళకు సాంబారన్నం వడ్డిస్తోంది. పెద్దమనుషులు వచ్చారని లేచి నిలబడబోయి, ఒళ్ళో పిల్లవాడు నిద్రపోతున్నాడని మానేసింది.

“కూర్చోండి సార్. మీరూ ఒక పిడికెడు తినండి. వేడిగా దా ఉంది,” అంది.

భరణి ఆయనకు తన పక్కన చోటిచ్చింది. రంగనాథం తిన్నాడు. తిన్నాక పిల్లలందరూ చాపలమీద పడుకున్నారు. పడుకోని తాతను చూసి భరణి కళ్ళెర్రజేసింది. ఊరికే నడుం వాల్చినట్టు వాల్చాడు. జెబ ఏదో కూనిరాగం తీస్తూ చిన్నపిల్లల వీపులు నిమురుతోంది. బజారులో మూటలు, లారీలు, తగువుల నడుమ మధ్యాహ్నం కునుకు అన్నది ఎరగని మనిషి, ఆ గదిలో గురకపెట్టి నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి పొట్టమీద ఎవరిదో చిన్న కాలుంది. ఎవరో కప్పిన బుల్లి దుప్పటి ఆయన ఛాతీ దాకా మాత్రమే వచ్చింది. ఎంతకాలానికో ఒళ్ళు తేలిగ్గా ఉంది.

ఆ సమయంలో దీపక్ గడప బయట అతిథిమర్యాద గడిలో ఇలా రాశాడు: ‘ముఖ్య అతిథిని నేలమీద పడుకోబెట్టారు. సున్న.’

తిరుగుదారిలో కారులో రంగనాథం మాధవరం బస్‌స్టాండు దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు, “నాకేందో ఆ చివర చూసిందే బాగుందనిపిస్తా ఉంది రా,” అన్నాడు వరదరాజులుతో.

“టోటల్ చూడండి సార్,” అని దీపక్ తన కంప్యూటర్ తిప్పి చూపించాడు. మేలపట్టు మొదటి రకం. నడుపట్టు రెండో రకం. కీళపట్టు మూడో రకం.

రంగనాథం ఆ అంకెలను రెండుసార్లు కూడి చూశాడు. పప్పైతే అరచేతిలో పోసి ఊది చూపేవాడు. పిల్లల గోలను, సాంబారన్నాన్ని, వీపు నిమిరే చేతిని ఎలా ఊది చూపాలో ఆయనకు తెలియలేదు. సంతకం పెట్టేశాడు. పెట్టినందుకు ఆ రాత్రి కొంచెం సిగ్గుపడ్డాడు. మర్నాటికి సభ ఏర్పాట్లలో పడి సిగ్గుపడటానికి తీరిక చిక్కలేదు.

సౌకార్‌పేట కల్యాణమండపంలో సభ దివ్యంగా జరిగింది. మేలపట్టు టీచరుకు షీల్డు ఇచ్చి, రంగనాథం అధ్యక్షోపన్యాసం చేశాడు.

“సోదరసోదరీమణులారా! గ్రామమే దేశానికి వెన్నెముక. ఆ వెన్నెముకకు శిశువే ఆధారం. ఆ శిశువుకు ప్రహరీగోడే రక్షణ. నేటి జిరాఫీయే రేపటి భారతదేశం!”

చివరి వాక్యం దీపక్ రాసిచ్చింది. దాని అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు దానికే వచ్చాయి.

ఆ తర్వాత మేలపట్టుకు మంచిరోజులు వచ్చాయి. నగరం నడిబొడ్డున కూడా పెద్దపెద్ద హోర్డింగులు లేచాయి: ‘నంబర్ వన్ అంగన్‌వాడికి నడిచిపోయేంత దూరంలో మీ కలల ప్లాట్లు.’ ప్లాటు కొన్నవారు ఆ ఊరివారే గదా. ఆ ఊరివారి పిల్లలకు ఆ ఊరి అంగన్‌వాడిలో చోటు ఇవ్వక తప్పదు. పొద్దున్నే కార్లు బారులు తీరాయి. చోట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ కావడంతో వడపోత అవసరమైంది. వడపోతకు ఇంటర్వ్యూ అవసరమైంది. ఇంటర్వ్యూకు గౌరవ సలహాదారుగా దీపక్ అవసరమయ్యాడు. ఊళ్ళో కూలిపనికి పోయే తల్లులు తమ బిడ్డలను తీసుకొస్తే, జిరాఫీ ఏ ఖండంలో ఉంటుందని అడిగారు. మా గోడమీదే ఉంటుందని ఆ పిల్లలు చెప్పారు. సిద్ధంగా లేరని వాళ్ళను పంపేశారు. వాళ్ళు పొలాలగట్లమీదుగా నడిచి కీళపట్టులో జెబ గదికి చేరారు. తమ ఊరి బడికి ప్రథమస్థానం వచ్చిందన్న గర్వం మాత్రం ఆ ఊరివారికి మిగిలింది.

ఈ ప్రభంజనం చూలైలో రంగనాథం ఇంటికీ తాకింది.

“మామా, ఎల్లారూ మేలపట్టుకే దా పోతున్నారు,” అంది హేమమాలిని. “ఫస్ట్ ఇచ్చింది మీరే గదా. జననికి ఒక సీట్ ఇప్పించలేరా?”

రంగనాథం సరేనన్నాడు. ఒక ఉదయం మనవరాలిని తీసుకుని బయల్దేరాడు. గేటుదగ్గర ఆయన తన పేరు చెప్పాడు. కాపలావాడు వరసలో నిలబడమన్నాడు. నిలబడ్డాడు. వంతు వచ్చాక బల్లకు అవతల దీపక్ కనిపించాడు. నియమం అందరికీ ఒకటేనని ముందే చెప్పి, జననికి రంగుబిళ్ళలు చూపించాడు. జనని బిళ్ళలను చూసింది, దీపక్‌ను చూసింది, తాత చొక్కా పట్టుకుంది.

“సరే. పెద్దవాళ్ళతో మాట్లాడతాం,” అన్నాడు దీపక్. “సార్, జనని విషయంలో మీ విజన్ ఎలా ఉంది?”

“ఇప్పుడు బాగానే ఉంది నాయనా. పోయినేడే రెండు కండ్లకీ ఆపరేషన్ అయింది గదా.”

దీపక్ ఏదో రాసుకున్నాడు. ఫలితం అక్కడికక్కడే చెప్పాడు. మనవరాలు ఇంకా సిద్ధంగా లేదు. తాత విషయంలో ఆ అవకాశం కూడా దాటిపోయింది.

గేటు బయటికి వచ్చి రంగనాథం కాసేపు కారు పక్కన నిలబడ్డాడు. తాను షీల్డు ఇచ్చిన గేటు అది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తేలలేదు. జనని ఆకలంది. దగ్గర్లో హోటలు లేదు. ఆయనకు కీళపట్టు సాంబారన్నం గుర్తొచ్చింది.

జెబ గది ఇప్పుడు కిక్కిరిసి ఉంది. మేలపట్టు పిల్లలు, కీళపట్టు పిల్లలు, తాళం తీయని నడుపట్టు పిల్లలు, అందరూ అక్కడే. భరణి గడపదగ్గర యథాప్రకారం డ్యూటీలో ఉంది. తాత, మనవరాలు కాళ్ళు కడుక్కుని లోపలికి పోయారు. జనని మాట్లాడకుండా తిన్నది. చాప పరిచాక భరణి వచ్చి దానిమీద కాలు పెట్టింది.

“ఇది నా జాగా. నువ్వు అట్లా పో,” అంది జనని.

పేరుమోసిన బడుల్లో పెదవి కదపని పిల్ల, ఒక్క వ్యాకరణదోషం లేకుండా ఆ ప్రకటన చేసింది. భరణి ఒప్పుకోలేదు. కొంత వాదం జరిగింది, కొంత జుట్టు పట్టుకోవడం జరిగింది. జెబ లేచిరాలేదు. కాసేపటికి ఇద్దరూ అదే చాపమీద, ఒకే దుప్పటి కింద గుసగుసలాడుకుంటున్నారు.

రంగనాథం ఆ దుప్పటి సర్దాడు. “నేను తప్పు చేసినానమ్మా,” అన్నాడు జెబతో. “మళ్ళీ మార్కులు వేయిస్తా. మీకు ఫస్ట్ వచ్చేట్టు నేను చూస్తా.”

జెబ చప్పున రెండు చేతులూ జోడించింది. “వద్దు సార్. దయచేసి ఆ పని చేయొద్దు.”

“ఏం?”

“మేలపట్టుకి ఫస్ట్ ఇచ్చినారు. ఆ ఊరి పిల్లలు ఈడికి వచ్చినారు. ఈడ కూడా ఫస్ట్ ఇచ్చేస్తే వీళ్ళంతా యాడికి పోతారు చెప్పండి? మాకు మూడోదే ఉండనీయండి సార్. ఆ పేరు ఉండబట్టే ఎవరూ రాకుండా నిమ్మదిగా ఉండాం.”

ఆయన ఆ రాత్రే కొట్టులో లెక్కలు చూసుకుంటున్నట్టు నటిస్తూ చాలాసేపు ఆలోచించాడు. ఎందుకంటే ప్రమాదం నిజంగానే ముంచుకొస్తోంది. కీళపట్టులో పిల్లల హాజరు హఠాత్తుగా పెరిగిందని జయంతి తన నివేదికలో రాసింది. అంతటి పెరుగుదలకు ప్రత్యేక బహుమతి ఇవ్వాలని, గది పడగొట్టి ప్రహరీ కట్టించాలని దీపక్ ప్రతిపాదించాడు. వచ్చే ఆదివారం సంఘం సమావేశం.

సమావేశంలో రంగనాథం లేచాడు. జీవితంలో మొదటిసారి ఉపన్యాసం తానే రాసుకున్నాడు.

“సభ్యులారా! కీళపట్టుకు బహుమతి అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతా ఉంది. నేను స్వయంగా చూసినాను. ఆ గదిలో క్రమశిక్షణ లేదు, పిల్లలు నవ్వుతారు. టీచరుకు హోదా తెలియదు, నేలమీద కూర్చుంటుంది. ఎవరి బిడ్డ, ఏ కులం, ఏ ఊరు అని అడగకుండా అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డిస్తుంది. ప్రెసిడెంటునైన నాచేత కాళ్ళు కడిగించినారు. అక్కడ చేరిన పిల్లకు ఇంటర్వ్యూ అంటే ఏందో జన్మలో తెలియదు. అలాంటి చోటికి మూడో రకం కూడా ఎక్కువ. నాలుగో రకం అని కొత్తగా సృష్టించి దానికి ఇవ్వాలని నేను ప్రతిపాదిస్తున్నాను!”

చప్పట్లు మోగాయి. నాలుగో రకం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ప్రహరీ ప్రతిపాదన రద్దయింది. రంగనాథం కూర్చుని నుదుటి చెమట తుడుచుకున్నాడు. కీళపట్టును కాపాడానన్న తృప్తితో ఇంటికి పోయి, ఎవరికీ చెప్పకుండా జననిని సోమవారం నుంచి అక్కడ చేర్చాలని కోడలిని బతిమాలి ఒప్పించుకున్నాడు.

సోమవారం పొద్దున ఆయన కారు కీళపట్టు వీధి మలుపు తిరిగి ఆగిపోయింది. ముందుకు పోవడానికి దారి లేదు. రేషన్ దుకాణం ముందు కార్లు. పప్పుధాన్యాల సంఘం సభ్యులు సకుటుంబంగా ఉన్నారు. అందరికన్నా ముందు మనవరాలు మధుమితను చంకనెత్తుకుని వరదరాజులు నిలబడ్డాడు.

“నువ్వేంది ఈడ?” అన్నాడు రంగనాథం.

“నువ్వంత తిట్టినాక రాకుండా ఎట్లా పా?” అన్నాడు వరదరాజులు. “బజారులో పుట్టి పెరిగినోళ్ళం. సరుకును ఎవడైనా అంతగా తిట్టినాడంటే, దాన్ని తానే కొనబోతున్నాడని దా అర్థం.”

వెనకనున్న సభ్యులు తలలూపారు. నిజమే, పప్పు మార్కెట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సూత్రం అది. రంగనాథం ఒక్కడే ఆవేశంలో మరిచిపోయాడు.

జెబ గడపలోకి వచ్చింది. ఇన్ని కార్లు చూసి భయపడలేదు. అలసిపోయినట్టు మాత్రం కనిపించింది. పిల్లలందరినీ లోపల చాపలమీద కూర్చోమని, పెద్దవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“ఈ పూటకి వచ్చిన బిడ్డలకి అన్నం పెట్టి పంపిస్తాను. రేపటినుంచి నావల్ల ఆవదు సార్. ఈ గది ఈ చుట్టుపక్కల కూలోళ్ళ బిడ్డలకే చాలడంలే,” అంది. తర్వాత నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది: “మీరంతా మెడ్రాసులో ఉండేటోళ్ళు గదా. మీ వీధుల్లో అంగన్‌వాడీలు లేవా?”

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “మా పక్క లేదే,” అన్నాడు ఒకాయన, ఎన్నడూ వెతకనివారికే సాధ్యమైన నిబ్బరంతో. “మెడ్రాసులో అట్లాంటివి ఉండవమ్మా,” అన్నాడు వరదరాజులు.

రంగనాథం సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కమలాంబను అడిగాడు.

“మన చూలైలో అంగన్‌వాడి ఏమైనా ఉందా?”

కమలాంబ చేస్తున్న పని ఆపి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. “మన గోడౌను పక్కనే గదా ఉండేది. పొద్దస్తమానం పిల్లకాయల గోల అని మీరే గదా సణుగుతా ఉంటారు. అదేందనుకున్నారు ఇన్నాళ్ళూ?”

మర్నాడు జననిని చేయిపట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళాడు. వీధి మలుపులో వర్క్‌షాపు, ఆ పక్కన తన పప్పు గోడౌను. గోడౌనుకు ఆనుకుని ఆయన మినీ లారీ ఆగి ఉంది. లారీ వెనకనుంచి పిల్లల పాట వినిపిస్తోంది. తల్లి ఒకతె బిడ్డను ఎత్తుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని, లారీకీ గోడకూ మధ్య సందులోంచి అడ్డంగా నడిచి మాయమైంది. రంగనాథం వంగి చూశాడు. లారీ వెనక ఒక గుమ్మముంది. గుమ్మంమీద బోర్డు ఉంది.

డ్రైవర్ శక్తివేల్ దిగివచ్చాడు. “ఏమయ్యా ఈడ నిలిపినావు?” అన్నాడు రంగనాథం.

“ఎప్పుడూ ఈడ దానే నిలిపేది అయ్యా. మూటలు దించేదానికి ఇదే వసతి అని మీరు దా చెప్పినారు.”

రంగనాథం కూడా పొట్ట లోపలికి పీల్చుకుని సందులో దూరాడు. ఆయన పొట్ట అందుకు సహకరించలేదు. సగంలో ఇరుక్కున్నాడు. జనని మాత్రం ఆయన చేయి వదిలించుకుని అవలీలగా లోపలికి పోయింది. గుమ్మంలోకి వచ్చిన నెరసిన జుట్టావిడ టీచరు పుష్పవల్లి. ఇరుక్కున్న పెద్దమనిషిని గుర్తుపట్టింది.

“నమస్కారం సార్. మీరేనా గోడౌనాయన?”

“అవునమ్మా. ఈ లారీ అడ్డంగా ఉందని ఒక మాట చెప్పొచ్చు గదా.”

“చెప్పినాం సార్. మొదట్లో చాలా తూరి చెప్పినాం. ఈ ఏడు అడిగితే, మీరు పల్లె బడులను బాగుచేసే పనిమీద ఉన్నారని మీ కొట్టులో చెప్పినారు.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందువల్లే ఆయనకు ఎక్కడ చూడాలో తోచలేదు. శక్తివేల్ లారీ తీశాడు. వెలుతురు గదిలోకి ఒక్కసారిగా పడింది. లోపల పిల్లలు పాట ఆపి, ఎవరో లైటు వేశారనుకుని పైకి చూశారు. జనని అప్పటికే ఎవరిదో చాప ఆక్రమించుకుని యుద్ధానికి సిద్ధంగా ఉంది.

జనని అక్కడ చేరిపోయింది. మొదట్లో హేమమాలిని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అంగన్‌వాడి అని ఫ్రెండ్స్‌తో ఎప్పిడి చెప్పేది అత్తా?”

“ప్లే స్కూలని చెప్పు. ఆడ ఆడుకుంటారు గదా,” అంది కమలాంబ.

ఈ వార్త బజారులో పాకింది. రంగనాథం మనవరాలు ఏదో కొత్త బడిలో చేరిందని, పిల్ల రోజంతా గలగలా మాట్లాడుతోందని తెలిసి సంఘం సభ్యులు కొట్టుకు వచ్చారు. వరదరాజులు స్టూలు లాక్కుని కూర్చుని, ఆ బడి ఎలా ఉందని నేరుగా అడిగాడు. అందరూ రంగనాథం నోటివంకే చూస్తున్నారు. తిడితే కార్లు తీయడానికి సిద్ధంగా ఉన్నారు.

రంగనాథం గొంతు సవరించుకున్నాడు. చాలా బాగుందన్నాడు. టీచరు బంగారమన్నాడు. అన్నం కమ్మగా ఉంటుందన్నాడు. చోట్లు ఇంకా ఉన్నాయి, రేపే వచ్చి చేర్చండని బతిమాలాడు కూడా. ఆయన అన్నవన్నీ నిజాలే.

సభ్యులు సానుభూతిగా తలలాడించి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఇంతగా పొగుడుతున్నాడంటే సరుకు పురుగుపట్టి ఉంటుందని మెట్లు దిగుతూ అనుకున్నారు. ఒక్కరూ రాలేదు. పుష్పవల్లి గదిలో ఈరోజుకీ చోటుంది.

ఇంతదాకా చదివిన మీరు మంచి మనసున్నవారు. గ్రామీణ శిశువులమీద జాలితో ఇప్పుడే కారు తీసి కీళపట్టు దారి పట్టాలనుకుంటున్నారేమో. అంతదూరం అక్కర్లేదు. ఒకసారి వీధిలోకి పోయి, మీ బండి ఏ గుమ్మానికి అడ్డంగా ఆపారో చూసుకుంటే చాలు.